కొత్త చీర మూలన పసుపు

మా ఆయన కామేశ్వరరావు గారు ప్రభుత్వాఫీసులో సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. ఆఫీసు ఆయన్ని వదిలింది గాని, ఆయన ఆఫీసును వదల్లేదు. ఇంటికి చీపురు కొనాలన్నా "ముందు అవసరం ఉందో లేదో పరిశీలిద్దాం కనకం" అంటారు. ఆ పరిశీలన పూర్తయ్యేసరికి పాత చీపురుకు పిడి ఒక్కటే మిగులుతుంది. అలాంటి మనిషికి ఒకరోజు పొద్దున్నే కాఫీ గ్లాసు చేతికిచ్చి, "నేను వ్యాపారం పెడుతున్నానండీ" అన్నాను.

ఆయన గ్లాసు కింద పెట్టారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఏం వ్యాపారం?"

"చీరలకు కుచ్చిళ్ళు పెట్టే వ్యాపారం."

"కుచ్చిళ్ళు ఎవరివి వాళ్ళు పెట్టుకోరూ?"

ఒళ్ళు మండింది నాకు. "పెట్టుకోరు. పెట్టుకోవడం రాదు. మీ అమ్మాయికి వచ్చా? మొన్న దాని ఆఫీసు ఫంక్షన్‌కి ఎవరు పెట్టారు?"

మా నీహారిక హైటెక్ సిటీలో ఉద్యోగం చేస్తుంది. కంప్యూటర్లో ఏ మీట నొక్కితే ఏమవుతుందో చెప్పగలదు గాని, చీర కట్టుకోమంటే అద్దం ముందు గంటసేపు గిరగిరా తిరిగి, చివరికి కళ్ళనీళ్ళు పెట్టుకుని చుడీదార్ వేసుకుంటుంది. అందుకని ఒకసారి నేనే దాని నడుం కొలత, ఎత్తు, చెప్పుల మడమతో సహా చూసుకుని, చీరకు ముందురోజే కుచ్చిళ్ళు పెట్టి, పైట మడతలు కూడా పెట్టి, పిన్నీసులు గుచ్చి, ఇస్త్రీ చేసి, పుస్తకంలా మడిచి ఇచ్చాను. మర్నాడు అది పళ్ళు తోముకున్నంతసేపట్లో కట్టుకుని వెళ్ళిపోయింది. అంతే, దాని స్నేహితురాళ్ళు సంచులతో మా గుమ్మం ఎక్కారు. ఒక ఆదివారమైతే హాలంతా చీరలే. మా ఆయన వంటింట్లో నిలబడి భోంచేశారు. ఆ సంగతి గుర్తుచేశాక కాసేపు ఆలోచించి, "సరే, పరిశీలిద్దాం" అన్నారు. ఆయన నోటెంట ఆ మాట రావడమే సగం అనుమతి.

అసలు ఈ వ్యాపారం నేనొక్కదాన్నే పెడుతున్నది కాదు. ఆ సంచుల రోజుల్లోనే ఒక పిల్ల పట్టుచీర మీద నా ఇస్త్రీపెట్టె కాస్త ఎక్కువ వేడెక్కింది. కాలలేదు గాని, కమురు వాసన వచ్చింది. చీర చేత్తో పట్టుకుని కిందికి పరుగెత్తాను. మా అపార్ట్‌మెంటు గేటు పక్కన గోడవార రత్నమ్మ ఇస్త్రీ బండి ఉంటుంది. కూకట్‌పల్లిలో మేం ఇల్లు కొనుక్కున్న నాటికే ఆమె అక్కడుంది. వాళ్ళది జనగామ వైపు. భర్త లేడు, కొడుకు డిప్లొమా చదువుతున్నాడు. మనిషికి నోరెక్కువ. నాకూ తక్కువేం కాదు గనుక మా ఇద్దరికీ రోజూ ఏదో ఒకటి నడుస్తూనే ఉండేది. ఆరోజు మాత్రం నా మొహం చూడగానే చీర అందుకుంది. తడిగుడ్డ వేసి, బొగ్గుల పెట్టె తేల్చి తేల్చి రుద్ది, ఆ మడతలన్నీ కత్తిరించినట్టు తీసి నా చేతిలో పెట్టింది.

"ఏందమ్మా, ఇయన్ని నువ్వే పెడ్తున్నవా కుచ్చిళ్లు?" అంది.

"నేనే."

"మంచిగొచ్చినయి. నీ చేతికి కుచ్చిళ్లొస్తయి, నా చేతికి ఇస్త్రీ వస్తది. ఇద్దరం కలిసి దుకాణం పెడితే ఇగ పరేషానేంది?"

నవ్వులాటకు అందనుకున్నాను. మర్నాడు పైకొచ్చి మా సోఫాలో కూర్చుని మళ్ళీ అంది. అప్పుడు నవ్వలేదు.

తర్వాత నెల రోజులు మా ఇంట్లో ప్లానింగు. మా ఆయన పేపరు మీద గళ్ళు గీశారు. షాపు పేరు 'శ్రీ కనకలక్ష్మి శారీ ప్లీటింగ్ సొల్యూషన్స్' అన్నారు. నీహారిక ఇంగ్లీషులో ఏదో స్టైలుగా చెప్పింది, అది నాకు నోరు తిరగలేదు. రత్నమ్మ విని విని, "కుచ్చిళ్ల దుకాణం అని రాయుండ్రి సారూ. సదువొచ్చినోళ్లకూ సమజైతది, రానోళ్లకూ సమజైతది" అంది. అదే ఖాయమైంది. హాస్టళ్ళ వీధిలో చిన్న షట్టరు దొరికింది. ఆ వీధి నిండా లేడీస్ హాస్టళ్ళే. పొద్దున్న ఆఫీసు బస్సుల కోసం నిలబడే ఆడపిల్లలతో తిరునాళ్ళలా ఉంటుంది. చీర పొడుగునా పరుచుకునే బల్ల ఎక్కడా దొరక్కపోతే బాలానగర్‌లో ఒక వెల్డింగ్ షాపులో ఇనప ఫ్రేము చేయించి, పైన దూది పరిచి దుప్పటి బిగించాం. ఆవిరి పెట్టె కూడా కొన్నాం. రత్నమ్మ దాన్ని అనుమానంగా చూసి 'నీళ్లు తాగే పెట్టె' అని పేరు పెట్టింది.

ఇంతవరకూ అంతా సరదాగానే ఉంది. షట్టరు తెరిచే ముందు రోజు రత్నమ్మ తన బండి దగ్గరికి తీసుకెళ్ళి నాకొక మాట చెప్పింది. అప్పుడు నాకు సరదా దిగిపోయింది.

వాళ్ళ ఊరివాడు మొగిలి అని ఉన్నాడు. అతనూ ఇస్త్రీ పనే. గేటు దగ్గర ఆ జాగా కోసం ఎన్నాళ్ళుగానో అడుగుతున్నాడు. ఆమె దుకాణంలో నిలబడితే బండి ఖాళీగా ఉంటుంది. ఖాళీగా ఉన్న జాగాను ఈ ఊళ్ళో ఎవరు మాత్రం ఉండనిస్తారు? అందుకని మొగిలికి మాటిచ్చేసింది. "బతుకమ్మ పండుగ దాక బండి నువ్వే నడుపు. సద్దుల బతుకమ్మ లోపల చెప్త. దుకాణం నిలబడితే జాగ నీదే. నిలబడకపోతే మళ్ల నాకియ్యాలె" అందట.

"నిలబడకపోతే నిజంగా తిరిగిస్తాడంటావా?" అని అడిగాను.

"ఇస్తడో ఇయ్యడో. పిల్లలున్నోడు. ఒకపారి పొయ్యి రాజుకున్నంక ఎవడు లేస్తడమ్మా?" అంది.

నా దుకాణం మూతపడితే నేను మా వంటింట్లోకి వెళ్ళిపోతాను. మా ఆయన నాలుగు రోజులు 'నే చెప్పానా' అంటారు, నేను నాలుగు అంటాను, అయిపోతుంది. రత్నమ్మకు వెళ్ళడానికి చోటుండదు. ఆ రోజు నుంచి షట్టరు ఎత్తే ప్రతిసారీ నాకు నా దుకాణం కాదు, ఆ గోడవార జాగానే గుర్తొచ్చేది.

"ఇకనుంచి నన్ను అమ్మా అనకు. ఇద్దరం సమానం. అక్కా అను" అన్నాను.

"అట్లనే అమ్మా" అంది.

మొదట్లో గిరాకీ నత్తనడక నడిచింది. పిల్లలు వస్తారు, బోర్డు చదువుతారు, నవ్వుకుంటారు, పానీపూరీ బండి దగ్గరికి పోతారు. మా ఆయన రోజూ మధ్యాహ్నం క్యారియర్ తెచ్చి, "పురోగతి ఏమైనా ఉందా?" అని అడిగేవారు. ఆ 'పురోగతి' అనే మాట వింటే నాకు క్యారియర్ ఆయన మీదికి విసరాలనిపించేది.

బతుకమ్మ రోజులు మొదలయ్యాక ఉమాశ్రీ వచ్చింది. ఏలూరు పిల్ల. మా పక్క హాస్టల్లోనే ఉంటుంది, హైటెక్ సిటీలో ఉద్యోగం. రెండు చేతుల్లో రెండు పెద్ద సంచులతో వచ్చి బల్ల మీద పెట్టింది.

"ఆంటీ, మా ఆఫీసులో బతుకమ్మ సంబరం. మా ఫ్లోరు అమ్మాయిలందరి చీరలూ తెచ్చాను, కొలతలు ఇదిగో ఫోన్లో పంపిస్తున్నా. ఎల్లుండి పొద్దున్నే కట్టుకోవాలి. రేపు సాయంత్రం ఇచ్చేయండి. బాగా వస్తే దసరాకీ, దీపావళికీ బిల్డింగంతా మీ దగ్గరికే."

తర్వాత విడిగా ఒక చీర తీసింది. మల్లెపువ్వు లాంటి తెల్లటి మంగళగిరి నేత చీర, వెండి జరీ అంచు. "ఇది నాది. నేనే యాంకరింగ్. నేతాయనతో మాట్లాడి ఈ అంచు వేయించుకున్నా. జాగ్రత్త ఆంటీ" అంది.

ఆ పిల్ల వెళ్ళాక నేనూ రత్నమ్మా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. "వచ్చిందమ్మా మన బస్సు" అంది రత్నమ్మ. నాకైతే ఎగిరి గంతేయాలనిపించింది.

మర్నాడు తెల్లారగానే మొదలుపెట్టాం. అన్నీ కొత్త చీరలే, ఇంకా లేబుళ్ళు కూడా తియ్యలేదు. నేను మడతలు విప్పడం, కొలత చూసి కుచ్చిళ్ళు పోయడం, పైట మడిచి పిన్నీసు గుచ్చడం, పక్కకు జరపడం. రత్నమ్మ ఇస్త్రీ చెయ్యడం. మధ్యమధ్యలో ఆమె సన్నగా బతుకమ్మ పాట అందుకుంటోంది. ఉమాశ్రీ చీర పైట వరకూ అయిపోయింది. కుచ్చిళ్ళ వైపు చూద్దామని రత్నమ్మ దాన్ని ఇటు తిప్పింది. పాట ఆగిపోయింది.

"ఏందిది?"

చూశాను. తెల్లటి పైట మీద, మడతకొకటి చొప్పున, పై నుంచి కిందికి వరసగా పచ్చటి చుక్కలు.

నా నోరు ఎప్పుడూ నాకంటే ముందుంటుంది. "నీ పెట్టె అడుగున తుప్పుంది! చెప్పానా లేదా, ముందు పాత గుడ్డ మీద రుద్దమని?" అని అరిచాను.

"తుప్పు పచ్చగుంటదా?" అంది రత్నమ్మ నెమ్మదిగా. పెట్టె తిప్పి అడుగు చూపించింది. తళతళలాడుతోంది. తర్వాత నా కుడిచేతి వేలు పట్టుకుని నాకే చూపించింది.

వేలి కొసన పసుపు.

మా గోదావరి వైపు కొత్త బట్టకు ఓ మూల తడి పసుపు అద్దకుండా ఒంటి మీద వేసుకోం. మా అమ్మ పెట్టేది, నేను పెడతాను. మా ఆయన బనియన్లకూ, చేతిరుమాళ్ళకూ కూడా పెడతాను. ఆఫీసులో ముక్కు తుడుచుకోవడానికి రుమాలు తీస్తే మూలన పసుపు చూసి అందరూ నవ్వేవాళ్ళని ఆయనకు ఇప్పటికీ నామీద కోపం. షాపులో దేవుడి పటం దగ్గర కుంకుమ భరిణె, పక్కనే పసుపు. కొత్త చీర మడత విప్పగానే ఆ వాసన తగిలితే చాలు, నా వేలు దానంతటది వెళ్ళి పసుపులో మునిగి వచ్చింది. ముదురు రంగు చీరల మీద ఏమీ కనబడలేదు. ఈ తెల్లదాని పైట మూలన పెట్టి, అది ఆరకముందే మడిచేశాను. పైనుంచి ఆవిరి. ఒక మడత నుంచి ఇంకో మడతకు అచ్చు పడుతూ పోయింది.

"నేనే" అన్నాను. స్టూలు మీద కూలబడ్డాను. ఏడుపొచ్చింది. సిగ్గుతో వచ్చింది, రత్నమ్మను అన్న మాటకు ఇంకా ఎక్కువ సిగ్గు. "నిన్ను అనవసరంగా అన్నాను. నా నోరు పడ."

"నీ నోరు సంగతి తర్వాత. చీర సంగతి చూడు" అంది.

అప్పుడే మా ఆయన క్యారియర్‌తో దిగారు. విషయం విని, "ఇంతేనా? సబ్బు పెట్టి రుద్దితే..." అని చెయ్యి చాపారు.

"ముట్టుకోకండి!" అని నేను అరిచిన అరుపుకు ఎదురుగా పానీపూరీ బండివాడు తలెత్తాడు. "సబ్బు తగిలిందంటే ఎర్రగా తేల్తుంది. పసుపుకు ఎండ ఒక్కటే మందు. నీళ్ళతో తడిపి ఎండలో వేస్తే అదే విరిగిపోతుంది."

ముగ్గురం బయటికొచ్చి ఆకాశం చూశాం. మబ్బు. పొద్దుట్నుంచీ అలాగే ముసురుగా ఉంది.

షాపు పైన బిల్డింగు డాబా మీదికి తీసుకెళ్ళి, పైట కొంత మేరకే నీళ్ళతో జాడించి తీగ మీద పరిచాం. మా ఆయన ఒక కొస పట్టుకుని గాలికి ఎగరకుండా నిలబడ్డారు. నేను సెల్‌ఫోను చేతిలో పట్టుకుని తిరుగుతున్నాను.

"ఇప్పుడే ఆ అమ్మాయికి చెప్పకు కనకం" అన్నారాయన. "సాయంత్రం దాకా టైముంది. మరక పోతే అసలు చెప్పే అవసరమే రాదు కదా. అనవసరంగా కదపడం ఎందుకు?"

నాకూ అదే బుద్ధి పుట్టింది, అబద్ధం ఎందుకు? చెప్తే ఆ పిల్ల ఆఫీసంతా చెప్తుంది. ఆఫీసంతా చెప్తే ఇక మా వీధిలో ఎవరూ షట్టరు లోపలికి తొంగి చూడరు. ఎల్లుండే సద్దుల బతుకమ్మ, పండుగ ఆఖరి రోజు. మొగిలి వచ్చి అడుగుతాడు. నేను రత్నమ్మ వైపు చూశాను. ఆమె తీగ దగ్గర నిలబడి తడి పైటను అరచేత్తో సాపు చేస్తోంది.

"నన్ను చూస్తవేంది? చెప్పక్కా" అంది. "గంత ఇష్టపడి నేయించుకున్నది. రేపు పొద్దుగాల కట్టుకునేటప్పుడు చూసుకుంటే ఆ పిల్ల గతేంది? ఆమెకు వేరే చీర ఎతుక్కునే టైమన్న ఇయ్యాలె గద."

"మరి నీ జాగా?"

"పోతే పాయె. దాని ఫికర్ నాకుండనీ."

మొదటిసారి నన్ను అక్కా అంది. ఆమెకు తెలిసి అందో తెలియక అందో నాకు తెలీదు. ఇంత పోగొట్టుకునేది తనే అయినా ముందు ఆ పిల్ల సంగతి చూసింది. ఫోన్ చేశాను.

ఉమాశ్రీ ఆ రోజు హాస్టల్ నుంచే పని చేస్తోందట. మెళ్ళో ఇయర్‌ఫోన్లు అలాగే వేలాడుతుండగా, మెట్లెక్కి ఆయాసపడుతూ డాబా మీదికి వచ్చింది. చీర చూసింది.

"ఎవరు చేశారు?"

"నేనేనమ్మా. కొత్త చీర కదా అని... అలవాటు చొప్పున పసుపు..."

"అడిగి పెట్టాలి కదా ఆంటీ!" అంది గట్టిగా. "నేను పెట్టమన్నానా? చీర నాది కదా? జాగ్రత్త అని ప్రత్యేకంగా చెప్పాను కదా?"

నిజమే. ఆ పిల్ల అన్నదాంట్లో ఒక్క మాట కూడా తప్పు లేదు. మామూలుగా నన్ను ఎవరైనా ఒకటంటే నేను నాలుగంటాను. ఆరోజు తల వంచుకుని, "అడగాల్సింది తల్లీ. తప్పు నాదే. ఏం చెయ్యమంటే అది చేస్తాను" అన్నాను. మా ఆయన నన్ను వింతగా చూశారు. పెళ్ళయినప్పటి నుంచీ ఆ వాక్యం ఆయన ఎప్పుడూ విని ఉండరు.

ఉమాశ్రీ వెళ్ళిపోలేదు. మూలన ఖాళీ బకెట్ బోర్లించుకుని కూర్చుంది. కళ్ళు తుడుచుకుంటూ చీరనే చూస్తోంది.

"ఎండ ఫైలు ఇంకా కదల్లేదు" అన్నారు మా ఆయన ఆకాశం వైపు చూస్తూ.

ఎవరికీ నవ్వు రాలేదు. చాలాసేపటి తర్వాత మూసాపేట వైపు నుంచి మబ్బు కాస్త విడింది. ఎండ డాబా అంచు మీద పడి, నెమ్మదిగా తీగ దాకా వచ్చింది. ఆయన చీర కొస పట్టుకుని ఎండతో పాటు జరిగారు. రత్నమ్మ ఇంకో కొస పట్టుకుంది. మళ్ళీ మబ్బు పట్టింది, మళ్ళీ విడింది. నేను నీళ్ళు చిలకరిస్తూ ఉన్నాను. పచ్చటి చుక్కలు ముందు లేత నిమ్మపండు రంగుకు తిరిగాయి. తర్వాత చాలావరకూ కనబడకుండా పోయాయి. పొద్దు వాలేసరికి మూలనున్న మొదటి చుక్క మాత్రం కొంచెం మిగిలింది.

కిందికి వచ్చి మళ్ళీ మొదట్నుంచీ మడతలు పెట్టాను. ఈసారి మిగిలిన చుక్క భుజం మీద మడతల అడుగుకు పోయేటట్టు పైట వరస మార్చాను. రత్నమ్మ మధ్యలో తెల్లగుడ్డ వేసి ఇస్త్రీ చేసింది. ఉమాశ్రీ పక్కనే నిలబడి ప్రతి మడతా చూసింది. అన్ని చీరలూ సంచుల్లో పెట్టుకుని, వస్తానని గాని, రానని గాని చెప్పకుండా వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నుంచీ షాపులో ఈగ కూడా వాలలేదు. నేను తుడిచిన బల్లనే తుడిచాను. రత్నమ్మ 'నీళ్లు తాగే పెట్టె' తీసి దాని వైరు చుట్టడం, విప్పడం. మధ్యాహ్నం దాటాక మొగిలి వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు. మంచివాడే, మొహమాటంగా చేతులు నలుపుకుంటున్నాడు.

"అక్కా, రేపే సద్దులు. జర ఏదో ఒకటి చెప్తే..."

"పొద్దుమీకి చెప్తలే. పో" అంది రత్నమ్మ.

అతను వెళ్ళాక నేను, "నువ్వు బండి తీసేసుకో రత్నమ్మా" అన్నాను. "నా మూలాన నువ్వు చెడిపోవద్దు. ఇప్పుడడిగితే ఇంకా ఇస్తాడు."

"పొద్దుమీకి అన్నగదా. పొద్దుగూకలే ఇంక" అంది కసిరినట్టు.

సాయంత్రం ఆఫీసు బస్సులు వచ్చాయి. వీధి నిండా అమ్మాయిలు దిగారు, అందరూ చీరల్లోనే. చేతుల్లో తంగేడు పూలు, గునుగు పూలు. అంత దూరం నుంచీ నేను పెట్టిన కుచ్చిళ్ళు గుర్తుపట్టాను. పొద్దున్నుంచీ ఆడి పాడినా ఒక్క మడత చెదరలేదు. ఆ గుంపు మా షట్టరు దాటి పోతుందా, ఆగుతుందా అని చూశాను.

ఆగింది. ముందు ఉమాశ్రీ లోపలికి వచ్చింది. తెల్ల చీరలో ఎంత బాగుందో, దిష్టి తీయాలనిపించింది. నోరు మూసుకున్నాను, అది కూడా అడిగే చెయ్యాలి కదా.

"ఆ చుక్క ఇంకా ఉందాంటీ" అంది. "నాకు తెలుసు. ఎవరికీ కనబళ్ళేదు." ఒక్క క్షణం ఆగింది. "మీరు ఫోన్ చెయ్యకపోయుంటే మళ్ళీ వచ్చేదాన్ని కాదు. ఇంకోసారి అడక్కుండా పెట్టినా రాను. ఇదిగో, దసరా చీరలు. ఇవి మా ఫ్లోరువి కావు, పై ఫ్లోరువి."

వెనక నుంచి ఇంకో అమ్మాయి తల దూర్చింది. "ఆంటీ, నాదానికి పసుపు పెట్టండి. మా అమ్మ ఫోన్ చేసి పెట్టావా అని అడుగుతుంది. హాస్టల్లో పసుపెక్కడుంటుంది? పెట్టానని అబద్ధాలు చెప్తున్నా." అందరూ గొల్లుమన్నారు. "నాక్కూడా" అంది ఇంకొకతి. "నాకొద్దు" అంది మరొకతి. నేను నవ్వుతూ ఏడ్చానో, ఏడుస్తూ నవ్వానో నాకే తెలీదు.

నేను కొలతలు రాసుకుంటున్నాను. రత్నమ్మ ఎప్పుడు జారుకుందో చూడలేదు. తల తిప్పేసరికి వీధి చివర మొగిలితో మాట్లాడుతోంది. అతను రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. తిరిగి వచ్చి, ఏమీ జరగనట్టు పెట్టెలో నీళ్ళు పోసింది.

"ఏం చెప్పావు?"

"జాగ నీదే పో అన్న. ఇగ నాకు గిదే జాగ."

రాత్రి కూర్చుని మా ఆయన అట్టముక్క మీద బోర్డు రాశారు. ముత్యాల్లాంటి అక్షరాలు. 'కొత్త చీరలకు పసుపు, ఖాతాదారు కోరినచో మాత్రమే పెట్టబడును.' చదివేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఆయన సంతోషం చూసి అలాగే తగిలించాను.

మర్నాడు సద్దుల బతుకమ్మ. రత్నమ్మ ఎప్పుడూ లేనిది ఆలస్యంగా వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ కవరు. దాన్ని బల్ల మీద పెట్టి, అటు తిరిగి పెట్టె వేడి చూస్తూ, "గదానికి జర కుచ్చిళ్లు పెట్టు. సాయంత్రం ఆటకు కట్టుకోవాలె" అంది.

విప్పాను. లేత గులాబీ రంగు చీర. మడత వాసన, లేబులు కూడా అలాగే ఉంది.

"ఎవరిది?"

"నాదే" అంది, ఇంకా అటే తిరిగి. "గిన్నేండ్ల సంది మంది కొత్త చీరలు ఎన్ని ఇస్త్రీ చేసిన్నో లెక్కలేదు. నా మీదికొచ్చేటియి అన్ని కట్టి ఇడిచినయే. నా పెండ్లి చీరకు మా అమ్మ పెట్టింది పసుపు. మళ్ల ఎవరూ పెట్టలే. పెట్టేటంత కొత్తది రాలే."

కళ్ళు తుడుచుకుని, గొంతు సవరించుకుని, మా ఆయన బోర్డు వైపు చెయ్యి చూపిస్తూ అడిగాను.

"ఖాతాదారు గారూ, పసుపు పెట్టమంటారా?"

ఇటు తిరిగింది. నవ్వుతోంది, కళ్ళు మాత్రం నిండి ఉన్నాయి.

"పెట్టు."

నేను వేలు తడి చేసుకుని పసుపులో అద్దాను. లేత రంగు కదా, ఈసారి ఒళ్ళు దగ్గర పెట్టుకుని, నడుం దగ్గర లోపలికి పోయే మూల వెతికి పట్టుకున్నాను. రత్నమ్మ నా చెయ్యి ఆపింది. ఆ కొస వదిలించి, పైట కొంగు తీసి నా ముందు పరిచింది.

"లోపలెందుకక్కా? కనబడేటట్టు పెట్టు."